ముల్లంగి ముక్క

కొరియాలోని జోంజు ఊళ్లో, పిల్లల బడిలో సున్రే టీచరుకు మోకాళ్లు అరిగిపోయాయి. ఇరవై ఏళ్లుగా పిల్లల ఎత్తుకు కూర్చునే మాట్లాడుతోంది. పిల్లలు ఇసుక అన్నం వడ్డిస్తే ఊదుకుని తిన్నట్టు నటించి, ఉప్పు చాల్లేదని పేచీ పెడుతుంది. ఆ రోజు కదలకుండా నిలబడే ఆటలో మూడేళ్ల హారిన్ మాటిమాటికీ కదిలిపోతోంది. పెద్ద పిల్లలు దాన్ని 'ముల్లంగి ముక్క' చేసుకున్నారు, అంటే ఆటలో అరటిపండు. కదిలినా అవుట్ కాదు. కొత్త ప్రిన్సిపాల్ వచ్చి దాన్ని రెక్క పట్టుకుని గోడ పక్కన కూర్చోబెట్టేసింది. "కదిలితే అవుటే! రూలంటే రూలే, టీచర్."

సున్రే ముఖం కందగడ్డ అయింది. "రూలు పెట్టింది మీరా, పిల్లలా? చంటిదాన్ని వదిలెయ్యకూడదన్నదే ఇక్కడి మొదటి రూలు మేడమ్. అది తప్పింది మీరు!"

ఆరేళ్ల పిల్ల ఒకతె హారిన్‌ను లేపి, ఖాళీ అయిన చోటు ప్రిన్సిపాల్‌కు చూపించింది. "మీరు అవుట్ మేడమ్. కూర్చోండి."