వంకముక్కు జంట

గిద్దలూరు బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్లు, టార్చిలైట్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. మేకలు కాచుకునే మస్తానయ్య నాకు చుట్టమేమీ కాదు. అయినా పదిహేనేళ్లుగా నన్ను ‘అల్లుడా’ అనే పిలిచేవాడు. నేను ‘మామా’ అనేవాణ్ణి. ఆయన గురించి రాయాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

నల్లమల అంచున ఒక వాగు లోయలో ఆయన మంద మేస్తుంది. రోజూ పొద్దున మేకల్ని గట్టుమీద ఆపి, పెదాలు బిగించి సన్నగా మూడు ఈలలు వేసేవాడు. పొదల్లోంచి వంకముక్కు పిట్ట అదే ఈల తిరిగి వేసేది. అది మగది. దాని వెంటనే ఆడది ఒక్క కూత కలిపేది. రెండూ పలికితే లోయలో చిరుత లేనట్టు. పలకకపోతే మంద గట్టు దిగకూడదు. ఇది వాళ్ల నాయన నేర్పిన పద్ధతి. దీన్ని నమ్ముకుని ఒక్క మేకను కూడా చిరుతకు వదల్లేదని ఆయనకు భలే గర్వం. ఆ గర్వంలో నాకూ వాటా ఉన్నట్టు షాపుకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. నా నోటికి తాళం ఉంటే ఎంత బాగుండేది.

అలా విన్నవాళ్లలో ఆనంద్ బాబు ఒకడు. పిట్టల మీద పరిశోధన చేస్తూ, ఫోను అద్దం పగిలి నా దగ్గరికి వచ్చాడు. మెత్తని మాట. ఈ వంకముక్కు పిట్ట పడమటి కనుమల్లో కూడా ఉందట. అక్కడిది ముదురు రంగు, ముక్కు పొట్టి. ఇక్కడిది బూడిద రంగు, ముక్కు పొడుగు. పుస్తకాల్లో రెండింటినీ ఒకే జాతిగా రాశారట. చోటు మారితే రంగు మారిన పిట్టేనా, లేక జాతే వేరా అన్నది తేల్చాలన్నాడు. వెంటనే బండి ఎక్కించుకుని మామ దగ్గరికి తీసుకుపోయాను.

మామ విని నవ్వాడు. ఇక్కడి పిట్ట మూడు ఈలలు వేస్తే బేస్తవారిపేట వైపు గుట్టల్లోది నాలుగు వేస్తుందని, చిన్నప్పుడు అక్కడ మేకలు కాస్తూ విన్నానని చెప్పాడు. ఆనంద్ బాబు గబగబా రాసుకున్నాడు. వల మాట ఎత్తేసరికి మామ ముఖం మారింది.

“పట్టుకొని ఏం జేస్తారు సార్?”

“ముక్కు, రెక్కలు కొలిచి, కాలికి చిన్న రింగు వేసి వదిలేస్తాం.”

మామ నావైపు చూశాడు. నేను తల ఊపాను. ఏం తెలుసని ఊపానో తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే మండుతుంది.

మర్నాడు వల కట్టాక మామ ఈల వేశాడు. రోజూ వినే ఈలే కదా, మగది జంకు లేకుండా దిగి వలలో చిక్కింది. ఆడది దూరంగానే ఆగిపోయింది. జత విడిపోతే బెంగ పెట్టుకుంటుందని మామే మళ్లీ ఈల వేసి దాన్ని కూడా రప్పించాడు. ఆనంద్ బాబు రెండింటినీ గుడ్డసంచుల్లో పెట్టి, జీపులో కొలిచి సాయంత్రానికి ఇక్కడే వదులుతానన్నాడు. మందకు వేళయిందని మామ, షాపు తెరవాలని నేను వచ్చేశాం.

తెల్లవారి ఈల వేస్తే జవాబు రాలేదు. బెదిరి ఉంటాయని మామ మందను గట్టుమీదే ఉంచాడు. వారం గడిచింది, పదిహేను రోజులు గడిచాయి. నేను ఫోన్ చేస్తే, వదిలేశానని ఆనంద్ బాబు అదే మెత్తని గొంతుతో చెప్పాడు.

నాలుగు నెలలకు తన వ్యాసం అచ్చయిందని నాకు పంపాడు. ఇక్కడి పిట్టది వేరే జాతేనని తేల్చాడు. మూడు ఈలలు, నాలుగు ఈలల సంగతి కూడా అందులో ఉంది. కింద ఒక ఫొటో. దూది మీద రెండు పిట్టలు, కాళ్లకు దారంతో కట్టిన చీటీలు, చీటీల మీద మా ఊరి పేరు. దాచడం మోసమనిపించి ఫోన్ తీసుకుపోయి మామకు చూపించాను.

“ఇవి ఇట్ల పడుకున్నాయేంది? పిట్టలు వెల్లకిల పడుకోవు గదా అల్లుడా.”

కొలవడానికి కాదు, చంపి నమూనాలుగా దాచిపెట్టడానికే తీసుకుపోయాడని చెప్పాను. వ్యాసం చివర్లో మామకు కృతజ్ఞతలు రాశాడని చదవబోతే వద్దన్నాడు.

“అవి నా ఈల నమ్మి దిగినాయి. నేను నీ మొగం చూసి ఈల వేసినా,” అన్నాడు.

ఆ తర్వాత మామ ఈల వేయలేదు. మందను ఎన్నాళ్లని గట్టుమీద మాడుస్తాడు? జవాబు లేకుండానే లోయలోకి దించాడు. పోయిన నెల మంద ముందు నడిచే పెద్దమేకను చిరుత ఎత్తుకుపోయింది. ఇప్పుడు మేకల దొడ్డి దాకా వస్తోందట.

మొన్న పెద్ద టార్చి కోసం షాపుకు వచ్చాడు. స్టూలు వేశాను, కూర్చోలేదు. “మామా” అన్నాను. ఆయన టార్చిని రెండుసార్లు వెలిగించి ఆర్పి చూసుకున్నాడు.

“దీని చార్జింగ్ తెల్లారేదాకా నిలుస్తాదా సార్?” అని అడిగాడు.