నర్సయ్యగారి తెరచాపకు నేను బిగించని రింగు

2018 చలికాలం. భద్రాచలంలో నేను బోరు మోటార్ల మరమ్మతు షాపు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. అడవి గూడేల్లో ఎక్కడ మోటారు ఆగినా వెళ్లేవాణ్ని. పైపులు, ఇనుప తాళ్లు, క్లాంపులు తప్ప నాకు వేరే లోకం లేదు. అలాంటి నా షాపు ముందు ఒకరోజు ఆటో ఆగింది. నర్సయ్యగారు దిగి, వెనక ఉన్న పొడవాటి అట్టపెట్టె చూపించారు.

ఆయనది వేంసూరు. నేవీలో పనిచేసి రిటైరయ్యారు. పదహారు అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఒకటి కొని, దుమ్ముగూడెం ఆనకట్టకు ఎగువన, గోదావరి నీళ్లు నిలకడగా ఉండే చోట పెట్టుకున్నారు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ వ్యాయామం చేసి, ఆ చేత్తోనే మళ్లీ అన్నం కలుపుకొని తినేదాకా తెచ్చుకున్నారు. పడవ మాత్రం భార్య సుగుణమ్మగారు ఎక్కనివ్వడం లేదు.

“ముందువైపు ఉండే తెరచాప దించాలంటే పడవ ముక్కు దాకా పాక్కుంటూ పోవాలి తమ్ముడూ. ఆవిడ భయం అదే. కూర్చున్న చోటి నుంచే చుట్టేసే ఏర్పాటు ఉంటే సరేనంది. ఈ పెట్టెలో ఉన్నది అదే. ఇనుప తాళ్ల పని తెలిసినవాడివి నువ్వొక్కడివే అన్నారు ఇక్కడివాళ్లు.”

దాన్ని రోలర్ ఫర్లర్ అంటారు. తెరచాపలు కట్టే పడవ స్తంభం కొస నుంచి ముక్కు దాకా ఒక ఇనుప తీగ బిగించి ఉంటుంది. ముందు తెరచాప ఆ తీగ వెంబడే నిలబడుతుంది. ఫర్లర్‌లో ఆ తీగ మీద ఒక గొట్టం తొడుగుతారు. కింద తాడు చుట్టుకునే డ్రమ్ము, పైన స్వివెల్ అనే తిరుగుడు బిళ్ల ఉంటాయి. వెనక కూర్చుని డ్రమ్ము తాడు లాగితే గొట్టం తిరిగి, తెరచాప చాపలా చుట్టుకుంటుంది. స్వివెల్ కింది సగం తెరచాపతో పాటు తిరగాలి, పై సగం కదలకూడదు. ఆ పై సగాన్ని పట్టి ఉంచేది తెరచాపను పైకెత్తే తాడు, హాల్యార్డ్.

పని మొదలుపెట్టిన రోజు ఆయన పెట్టెలోని పుస్తకం తెరిచి బొమ్మలు చూపించబోయారు.

“గిదేమన్నా రాకెట్టా సార్? అంత లోతుల మోటార్లు దించెటోన్ని, గీ గొట్టం ఎక్కియ్యనా?” అన్నాను. ఆయన నవ్వి పుస్తకం మూశారు.

రెండో రోజు మధ్యాహ్నం స్తంభం నిలబెట్టేశాక, పెట్టె అడుగున బొటనవేలంత రింగు ఒకటి కనిపించింది. దాన్ని స్తంభం పైభాగాన బిగించి హాల్యార్డ్‌ను అందులోంచి పోనివ్వాలట. అప్పుడు తాడు తీగకు దూరంగా, స్తంభం వైపు వాలి ఉంటుంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. బోరులో మోటారుకు కట్టే తాడును మేం పైపు పక్కనే బిగించి కడతాం. వదులైతేనే చుట్టుకుపోతుంది. ఆ అలవాటుతో హాల్యార్డ్‌ను కూడా తీగను ఆనుకుని నిటారుగా బిగించాను. రింగు పెట్టాలంటే స్తంభం మళ్లీ దించాలి. చర్లలో ఒక మోటారు పని నా కోసం ఎదురుచూస్తోంది.

“సామానంతా సరిపోయిందా?” అని అడిగారు నర్సయ్యగారు.

“సరిపోయింది సార్,” అన్నాను. రింగు అప్పటికే నా చొక్కా జేబులో ఉంది. గాలి లేని ఒడ్డున తాడు లాగి చూపిస్తే తెరచాప చక్కగా చుట్టుకుంది.

తర్వాతి ఆదివారం నన్ను కూడా పడవ ఎక్కించుకున్నారు. ఆ ఉదయం తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మోటార్ల మోతలోనే బతికిన నాకు, చప్పుడు లేకుండా ఏదైనా కదలగలదని ఆ రోజే తెలిసింది. తెల్లటి తెరచాప, అవతలి ఒడ్డున టేకు చెట్లు, పడవ కింద నీళ్ల గలగల. చేపలు పట్టే ముత్తయ్య తన నాటు పడవను దగ్గరికి తెచ్చి వింతగా చూశాడు.

“ఏంది సార్, ఇంజన్ లేదు, తెడ్డు లేదు. గాలి ఆగితే ఏం జేస్తవ్?”

“నిన్ను పిలుస్తా.”

“పిలిస్తే రెండు బీడీలు. ముందే చెప్తున్న!”

కాసేపటికి గాలి పెరిగింది. నర్సయ్యగారు చుక్కాని నా చేతికిచ్చి డ్రమ్ము తాడు అందుకున్నారు. తెరచాప సగం చుట్టుకుని ఆగిపోయింది. “గట్టిగ గుంజుర్రి సార్!” అని అరిచాను. మా పనిలో బిగిసిన దేన్నైనా ముందు గుంజుతాం. ఆయన రెండు చేతులా లాగారు. కదల్లేదు. మిగిలిన సగం తెరచాప టపటపా కొట్టుకుంటుంటే పడవ ఒరిగిపోతోంది. ఆయన ముక్కు వైపు పాకారు. వెళ్లాల్సింది నేను. నాకు ఈత రాదు, చుక్కాని పట్టుకునే కూర్చున్నాను. పడవ ఇంకోసారి ఒరిగింది. కుడిచేతి పట్టు జారి ఆయన నీళ్లలో పడ్డారు.

లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలారు. ముత్తయ్య తన పడవలోకి లాగి, మా పడవను కూడా ఒడ్డు చేర్చాడు. ఒడ్డున ఎదురుచూస్తున్న సుగుణమ్మగారు వణుకుతున్న ఆయనకు తువ్వాలు కప్పారు.

“ఫర్లర్ మంచిదే. నా చేతిలోనే బలం లేదు, లాగలేకపోయాను,” అన్నారాయన.

నేను తలెత్తి చూశాను. స్తంభం కొసన హాల్యార్డ్ ఆ తీగ చుట్టూ మెలికలు పడి ఉంది. అలా చుట్టుకున్నాక ఎంత బలవంతుడు లాగినా తిరగదు. రింగు ఎందుకో అప్పుడు అర్థమైంది. మాట నోటిదాకా వచ్చింది. సుగుణమ్మగారి ముఖం చూసి మింగేశాను. స్తంభం దించేటప్పుడు ఎవరూ చూడకుండా ఆ మెలికలు విప్పేశాను.

నెల తర్వాత ఆయన ఫోన్ చేశారు. “పడవ ఎవరికైనా కావాలంటే చూడు తమ్ముడూ.”

ఆ మర్నాడు బస్సెక్కి వేంసూరు వెళ్లాను. భోజనాల వేళ. ఆయన ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటున్నారు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది.

“గోదాట్లో పడ్డప్పటి నుంచి ఆ చెయ్యి వాడటమే మానేశారు. వ్యాయామం చెయ్యమంటే, పనికిరాని చేతికి ఎందుకే అంటారు,” అన్నారు సుగుణమ్మగారు.

రింగు తీసి బల్ల మీద పెట్టాను. “సార్, మీ చేతి తప్పు గాదు. గిది నేను పెట్టలె. పెట్టకనే తాడు చుట్టుకున్నది. ఆ రోజే చూసిన, చెప్పలె.”

ఆయన స్పూను కింద పెట్టారు. ఆవిడ అందుకున్నారు. “ఆ రోజే తెలుసా? మరి నెల రోజులు ఏం చేస్తున్నావయ్యా? ఆయన చెయ్యి కూడా మోటారే అనుకున్నావా, ఎప్పుడు వైండింగ్ చేసినా తిరగడానికి?”

నర్సయ్యగారు లోపలికి వెళ్లి ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. “చదువు,” అన్నారు. కూడబలుక్కుంటూ చదివాను. రింగు బొమ్మ దగ్గరికి రాగానే పుస్తకం మూసి, “పద, బిగిద్దాం,” అన్నారు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

రింగు బిగించిన రోజు కూడా గాలి గట్టిగానే ఉంది. ఆయన కుడిచేత్తో తాడు లాగారు. ఆ బలహీనమైన లాగుడుకే తెరచాప మొత్తం చుట్టుకుంది. ఒడ్డున భోజనానికి కూర్చున్నప్పుడు సుగుణమ్మగారు స్పూను ఇవ్వబోతే వద్దని, ఆ చేత్తోనే అన్నం కలిపారు. సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి. అయినా స్పూను అడగలేదు. ఆ తర్వాత రెండు చలికాలాలు పడవ నడిపారు. చేతికి మాత్రం మునుపటి పట్టు రాలేదు. నేను నోరు మూసుకున్న ఆ నెల వల్లే అనుకుంటాను.

పనిలో తప్పు అందరికీ జరుగుతుంది. నేను దాచిన తప్పును ఆయన తన చేతి మీద వేసుకున్నారు. అది ఇంకా నన్ను వదల్లేదు. ఇప్పుడు ఏ పని ముగించినా, మిగిలిన సామాను రైతు అరచేతిలో పెట్టాకే బండి ఎక్కుతాను. మొన్న ముదిగొండలో ఒకాయన రెండు బోల్టులు చూసి నవ్వాడు.

“ఏంది మామా, గింత అనుభవం ఉండి సామాను మిగిల్చినవ్?”

“అవ్, మిగిలింది. ఎందుకు మిగిలిందో చెప్త, కూసో.”