పేరు లేని తిట్టు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మాఘమాసంలో ఇబ్రహీంపట్నంలో ఒక పెళ్లికి వెళ్లాను. పాడడానికి కాదు, భోజనానికి. అంతకు ముందు చాలా ఏళ్లు నా పని తిట్లపాట. విందు అయ్యాక మగవాళ్లను బయటికి పంపి, తలుపులు మూసి, పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లను పాటలో తిట్టాలి. నాది ముందుపాట. నేను కట్టి వదిలితే మిగతావాళ్లు అందుకునేవారు. ఎవరి పేరేమిటో, ఎవరి గొప్పలేమిటో ముందే అడిగి తెలుసుకోవాలి. పోయిన బిడ్డల ఊసు, లేమి ఊసు ఎత్తకూడదు. ఎవరినీ వదలకూడదు. తిట్టు పడనామె చుట్టం కానట్టే.

నా భర్త పోయాక పెళ్లిళ్లలో పాడడానికి పిలవడం మానేశారు. అప్పుడే హయత్‌నగర్ నుంచి రికార్డింగు చేసే అతను వచ్చాడు.

"పేర్లు తీసెయ్యక్కా, ఎవలన్న లొల్లి వెడ్తరు. ఉత్తగ వదినా అను, చాలు" అన్నాడు.

అట్లాగే పాడాను. ఆ పాట ఫోన్లలోకి, డీజే పెట్టెల్లోకి ఎక్కింది. మగవాళ్లు కూడా రోడ్డు మీద దానికి ఎగిరారు. ముందుపాట పాడే మిగతా ఆడవాళ్లకూ పిలుపులు తగ్గిపోయాయి.

ఈ పెళ్లిలోనూ పెళ్లికూతురి తల్లి యాదమ్మ అదే పాట పెట్టించింది. నా గొంతే. ఎవరూ నవ్వలేదు. పెళ్లికొడుకు మేనత్త రాములమ్మ లేచి నిలబడింది.

"గీ వదిన ఎవలు? గింతమందిమొస్తె మాకు ఒక్క తిట్టు లేదా? మేం చుట్టాలం కామా? నడువుండ్రి, పోదాం."

ఆమె వెంట వచ్చినవాళ్లు సంచులందుకున్నారు. అప్పగింతలు ఇంకా కాలేదు. యాదమ్మ నా దిక్కు చూసి, నా నుదురు చూసి ఆగిపోయింది.

"బొట్టు లేనామెతోని ఎట్ల పాడియ్యాలె అక్కా?" అని రాములమ్మను అడిగింది.

"తిట్టెటందుకు బొట్టెందుకే? నోరుంటె సాలదా?" అంది రాములమ్మ.

పెట్టె ఆపారు. మగవాళ్లను పంపి తలుపు మూశారు. చాలా రోజులుగా పాడక నా గొంతు గీరుకుపోయింది. రాములమ్మ కొంగుకు దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది. అది చాలు.

"రాములమ్మ కట్టినాది రంగుల పట్టుచీర,
చీటి పీకలేదమ్మా, రేపు మల్ల వాపసిస్తది!"

"ఓసి నీ నోట్ల మన్నువడ!" అని నవ్వి రాములమ్మ కూర్చుంది. సంచులు కిందికి దిగాయి.

నేను పాట వదిలాను. అందుకునేవారు లేరు. అక్కడున్న ఆడపిల్లలకు రికార్డులోని మాటలే తెలుసు. చివరికి రాములమ్మే తన తిట్టు తానే అందుకుని పాడింది.

తిట్లపాటకు తిట్టు పడే మనిషి ఎదుట ఉండాలి, అందుకునే మనుషులు వెనక ఉండాలి. రికార్డుకు వాళ్లెవరూ అక్కరలేదు. మిగిలేది గొంతు ఒక్కటే. అది పాట కాదని నాకు ఆ రోజు తెలిసింది.