ఇంగువ డబ్బాలో ఇరవై చీటీలు

ఇంటర్నెట్టు చవకైన కొత్తలో దూరాలు తగ్గిపోయాయని అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. ఆ రోజుల్లో నేను ఆమదాలవలసలో మా కిరాణా కొట్లో కూర్చునేవాణ్ణి. చదువుకునేటప్పుడు హాస్టల్లో నా గదిలోనే ఉన్న గుండుగాడు పుణెలోనూ, మేము బావ అని పిలిచేవాడు చెన్నైలోనూ ఉద్యోగాలు చేసేవారు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక ముగ్గురం వీడియో కాల్లో కలిసి ఒక ఆట ఆడేవాళ్లం. గుండుగాడు కథ చెబుతాడు: అడవి, కోట, రాక్షసుడు. ఆ కథలో మనుషులం మేము. నేను ఖడ్గవీరుణ్ణి (నిజానికి బెల్లం దిమ్మ ఎత్తితే నడుం పట్టేసేది). వేసిన వేటు తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్పాలి. ఎంత పెద్ద అంకె పడితే అంత మంచిది. అలాంటి పాచిక మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? ఇరవై కాగితం ముక్కల మీద అంకెలు వేసి, మడిచి, ఖాళీ ఇంగువ డబ్బాలో పోశాను. తీసిన చీటీ చదివి మళ్లీ అందులోనే వేసెయ్యాలి. ఎవరి అంకె వాళ్లే చెప్పుకోవాలి, మిగతావాళ్లు నమ్మాలి.

మొదట్లో నా వీరుడు ప్రతి వారం తన్నులు తిన్నాడు. పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ మా నాన్నమ్మ అన్నీ వినేది. "ఏటిరా, మూడంకె వస్తే అంతలా మొకం మాడ్సుకుంతావు?" అనేది. ఒక ఆదివారం నుంచి నా దశ తిరిగింది. పన్నెండు, పదిహేడు, పంతొమ్మిది! మూడు వారాలపాటు ఒక్క వేటూ వృథా పోలేదు. ఇదంతా నా గొప్పతనమే అనుకున్నాను (చీటీ తియ్యడంలో గొప్పతనం ఏమిటో ఇప్పటికీ చెప్పలేను).

నాలుగో వారం బావ ఆట ఆపేశాడు. "ఒరే, నిజం సెప్పు. సీటీలు తీస్తన్నావా, నోటికొచ్చిన అంకె సెప్తన్నావా?"

"దేవుడి తోడు, తీస్తన్నానురా!"

గుండుగాడు నవ్వలేదు. "ఇందులో కూడా దొంగాట ఆడితే ఇంక మనం కలవడం ఎందుకురా?" అన్నాడు నెమ్మదిగా. వారం మొత్తంలో నా ఈడువాళ్లతో నేను మాట్లాడేది ఆ రెండు గంటలే. డబ్బా కెమెరా ముందు బోర్లించి, చీటీలు ఒక్కొక్కటే విప్పాను. పదమూడే ఉన్నాయి. ఒకటి నుంచి ఏడు దాకా ఒక్కటీ లేదు.

"సూసావా!" అన్నాడు బావ.

అప్పుడు నాన్నమ్మ ఫోను మీదకు వంగింది. "ఆడ్నేటీ అనకండర్రా. నానే ఏరీసినాను. ఆ సిన్న అంకెలొస్తే మావోడికి దెబ్బలు తగుల్తన్నాయి కదా? బియ్యంలో రాళ్లుంటే ఏరమేటి?"

గుండుగాడు నవ్విన నవ్వుకి వాడి ఫోను కింద పడింది. నేను మాత్రం ఆ ఏడు చీటీలూ మళ్లీ రాసి, వాళ్లు చూస్తుండగా డబ్బాలో వేశాను. ఎదురుగా రాక్షసుడు. చీటీ తీశాను. ఒకటి. "పర్లేదు, ఇంకోటి తియ్యరా" అన్నాడు గుండుగాడు మొహమాటంగా. నేను తియ్యలేదు. వేటు తప్పింది, ఎనిమిది నెలలు పెంచుకున్న వీరుడు రాక్షసుడి చేతిలో అక్కడే పోయాడు. నాన్నమ్మ లేచి వెళ్లి నెత్తిన నీళ్లు పోసుకుని వచ్చింది (మైల కదా మరి). "ఆళ్లే తియ్యమన్నారు కదరా, తియ్యలేదేటి?" అని సాయంత్రం దాకా సణిగింది.

ఇప్పుడు నన్నెవరైనా అనుమానిస్తే ఒకసారి చెప్పి ఊరుకుంటాను. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. ఎక్కడో ఉన్న ఇద్దరు తనను నమ్మితే చాలని అంతటి వీరుణ్ణి చేతులారా చంపుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.