బూజు పట్టని బ్యాగులు

మా ఇంట్లో బ్యాగులుండే గది కిటికీలు ఇప్పుడు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వానజల్లు లోపలికి కొట్టినా మూయను. మా ఆయన ఒకసారి మూయబోతే గట్టిగా అరిచాను. పాపం, అప్పట్నించీ ఆయన ఆ జోలికి రారు. తోలు పాడైతే పాడవనీ. మా అక్క ప్రాణం మీదికి తెచ్చింది ఆ గదీ, ఆ బ్యాగులూనే. అక్క సంగతి చెప్పాలంటే నా బ్యాగుల పిచ్చి దగ్గర మొదలుపెట్టక తప్పదు. విన్నవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి.

మా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా వీధి ఆడవాళ్ళెవరికీ హ్యాండ్‌బ్యాగు లేదు. కొంగున ముడేసుకోవడమో, జాకెట్లో చిన్న పర్సు దోపుకోవడమో, అంతే. మా స్కూలుకి బదిలీ మీద వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారి చేతిలో మొదటిసారి చూశాను, మెరూన్ రంగు తోలు బ్యాగు. మూసినప్పుడు టిక్‌మనేది. ఆవిడ చెప్పిన పాఠం ఒక్కటీ గుర్తులేదు గానీ ఆ చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా అలిగాను. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది మా అక్క. అట్టముక్కలు కత్తిరించి, అమ్మ పాత పట్టుచీర అంచు చుట్టూ కుట్టి, మూతకి టిచ్‌బటన్ పెట్టి నా చేతికిచ్చింది. "ఇదిగో, ఇంక తగలడి తిను" అంది. నా మొదటి బ్యాగు అదే.

తర్వాత ఏలూరులో కాలేజీ లెక్చరర్‌నయ్యాను. సొంత జీతం వచ్చాక ఎవర్నీ అడిగే పని లేకపోయింది. కొందరికి నగల పిచ్చి, కొందరికి స్థలాల పిచ్చి, నాకిది. పేరున్న కంపెనీ బ్యాగు విజయవాడలోనో హైదరాబాదులోనో అద్దాల వెనక కనిపించిందంటే కాళ్ళు కదలవు. అలాగని కంపెనీ పేరు చూసి మోసపోయే రకాన్ని కాదు. ముందు వాసన చూస్తాను. లోపలి గుడ్డ నల్లగా ఉంటే ఆ బ్యాగు మహారాణిగారిదైనా వద్దు, తాళాలు వెతకలేక చావాలి. బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకుని రెండో చేత్తో జిప్పు తీయగలగాలి. షోరూములో నిలబడి ఇవన్నీ చేసి చూపిస్తుంటే అక్కడి అమ్మాయిలు మొహామొహాలు చూసుకునేవాళ్ళు. చూసుకోనీ, కొనేది నేను కదా. ఒకటి కొన్న రోజునుంచే తర్వాతది ఏదా అని మనసు పీకడం మొదలయ్యేది. ఆ వెతుకులాటే నాకు అసలు సుఖం.

ఏలూరులో తోలుకి శత్రువు గాలే. వానాకాలం వచ్చిందంటే కొల్లేరు వైపునుంచి వీచే గాలికి గోడలే చెమర్చుతాయి, ఇంక తోలు ఎంత? అద్దాల బీరువాలో పెట్టినా తెల్లటి బూజు. దానికి తోడు కుట్లలోకి దూరే సన్నటి పురుగు. నెలకోసారి అన్నీ తీసి తుడిచి ఆరబెట్టడం నాకొక యజ్ఞం.

అక్కని ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూళ్ళో ఇచ్చారు. వరి చేలూ, చేపల చెరువులూ ఉన్న ఇల్లు. ఏలూరొచ్చినప్పుడల్లా వాళ్ళ చేలో పండిన బియ్యం బస్తా తెచ్చేది. ఎంత చెప్పినా గుడ్డసంచీ తప్ప ఇంకోటి పట్టుకునేది కాదు. నేనిచ్చిన మంచి బ్యాగు తీసుకెళ్ళి అందులో విత్తనాల పొట్లాలు దాచుకుంది. నాకు ఒళ్ళు మండింది. "నీకు బ్యాగు, నాకు డబ్బా, ఏదైతే ఏవుందే" అని నవ్వేసింది.

కిందటి వానాకాలం కంటి ఆపరేషన్‌కి వచ్చింది. ఒక కంటికి శుక్లం ముదిరిందని ఏలూరులో చేయించుకోమన్నారు. బావగారు బస్తాతో సహా కారులో దింపి, చేపల పట్టుబడి ఉందని వెంటనే వెళ్ళిపోయారు. బస్తాతో పాటు బిళ్ళల డబ్బా కూడా తెచ్చింది. మా వైపు రైతుల ఇళ్ళలో ఇది మామూలే. బియ్యం పురుగు పట్టకుండా ఆ బిళ్ళల్ని పాత పంచె ముక్కలో మూటకట్టి డ్రమ్ములో పెట్టి మూత బిగించేస్తారు. వాటినుంచి వచ్చే గాలికి పురుగు చస్తుంది. ఆ డబ్బా వంటింట్లో చింతపండు జాడీ పక్కనే ఉంటుంది, ఎవరూ దాన్ని చూసి భయపడరు. "మా ఇద్దరికీ ఈ బియ్యం ఎన్నాళ్ళొస్తాయి, అవేం వద్దక్కా" అన్నాను. సరేనని డబ్బాని మళ్ళీ తన గుడ్డసంచీలో పెట్టుకుంది. ఆ క్షణాన అది లాక్కుని పెంట మీద పారేసి ఉంటే బాగుండేది. కానీ ఎవరు పారేస్తారు? బియ్యంలో పెట్టే బిళ్ళలు కదా.

ఆ సాయంత్రం బ్యాగుల గదిలో మంచం మీద కూర్చుని ఫోనులో అక్కకి రెండు బొమ్మలు చూపించాను. రాబోయే బ్యాగు ఆ రెంటిలో ఒకటి. నెలరోజులుగా తేల్చుకోలేక కొట్టుకుంటున్నాను. బాగున్న కంటితో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆకుపచ్చది తీసుకో. ఈ రెండోది ఎండుచేపలా ఉందే."

"అది ఇటలీ తోలక్కా."

"ఇటలీలో చేపలు ఎండబెట్టుకోరేంటి?"

కడుపుబ్బ నవ్వాం. నవ్వుతూనే బీరువా వైపు చూసి, అద్దం మీద బూజు వేలితో గీసింది. "ఇన్ని కొన్నావు, వీటిని కాపాడుకోవడం రాలేదే నీకు. ఉండు, నేను చూస్తాలే" అంది. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా అని పట్టించుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. దుమ్ము తగలకూడదు, గాలి కొట్టకూడదు, తలుపులు వేసుకుని పడుకోవాలి అన్నారు. నేనూ అక్కని బ్యాగుల గదిలోనే పడుకోబెట్టి, కిటికీలన్నీ బిగించి, తలుపు కింద సందులో తువ్వాలు కూడా పెట్టాను. మర్నాడు నేను కాలేజీకి, మా ఆయన ఆఫీసుకి వెళ్ళాం. ఏదో ఒక పని చేయకపోతే అక్కకి చేతులు ఊరుకోవు. ఆ రోజు ఆ గదిలో తనేం చేసిందో మాకెవరికీ తెలీదు.

సాయంత్రం తలుపు తీయగానే ఏదో నీచు వాసన, వెల్లుల్లి కుళ్ళినట్టు. అక్క నుదురు పట్టుకుని కూర్చుంది. తలనొప్పి అంది, కడుపులో తిప్పుతోందంది. "ఈ వాసనేంటండీ?" అని మా ఆయన్ని అడిగితే, "చెరువులు పట్టారేమో, దక్షిణం గాలి కదా" అన్నారు. మేం కొల్లేటి గాలి పీల్చి బతికేవాళ్ళం. నీచు వాసన వస్తే ఏ చెరువుదా అని ఆలోచిస్తాం గానీ ఇంట్లో వెతకం. అగరొత్తులు వెలిగించి, గాలి ఇంకా లోపలికి రాకుండా తలుపు గట్టిగా వేశాను. కంటి ఆస్పత్రికి ఫోన్ చేస్తే మత్తుమందు వల్ల కొంచెం వికారం ఉండొచ్చు, విశ్రాంతి తీసుకోమన్నారు. మజ్జిగ తాగించి మళ్ళీ ఆ మంచం మీదే పడుకోబెట్టాను. "హాల్లో పడుకుంటానే, ఇక్కడ గుండెల మీద ఏదో పెట్టినట్టుంది" అంది. "హాల్లో ఫ్యాను దుమ్ము, కన్ను పోగొట్టుకుంటావా?" అని కసిరాను. సరేలే అని అటు తిరిగి పడుకుంది.

తెల్లారేసరికి వాంతులు. ఒళ్ళంతా చల్లగా, చెమటలు. నిలబడలేకపోయింది. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బీపీ చూశాడు, ఊపిరి వాసన చూశాడు, మమ్మల్ని పక్కకి పిలిచాడు.

"మీది వ్యవసాయ కుటుంబమాండీ? ధాన్యంలో పెట్టే బిళ్ళలేమైనా మింగారా ఆవిడ?"

మా వైపు ఆ ప్రశ్నకి అర్థం ఒక్కటే, ఉసురు తీసుకోవాలనుకుందా అని. వార్డులో అందరూ వింటున్నారు.

"మా అక్క అలాంటి మనిషి కాదండీ. తనకేం లోటని? మీరు ముందు వైద్యం చేయండి, అనుమానాలు తర్వాత పడుదురుగాని" అన్నాను. నా గొంతు వార్డు చివరిదాకా వినపడింది.

ఆయన మంచం దగ్గరికెళ్ళి అక్కనే అడిగాడు. ఒక కన్ను కట్టుతో, ముక్కుకి ఆక్సిజన్‌తో, అక్కకి కూడా పౌరుషం వచ్చింది. "నేనెందుకు మింగుతానండీ బాబూ, మనవరాలి పెళ్ళి చూడాలి నేను" అంది. అది నిజం. మింగలేదు. పీల్చారా అని ఎవరూ అడగలేదు. తను చేసిన పనినీ ఈ జబ్బునీ అక్క కలిపి ఆలోచించలేదు. బియ్యానికి పెట్టేవాటితో మనిషికేమవుతుంది?

బట్టలు తేవాలని నేనొక్కదాన్నే ఇంటికొచ్చాను. ఆ గదిలోకి వెళ్తే వాసన ఇంకా చిక్కగా ఉంది, కళ్ళు మండాయి. బీరువా తెరిచాను. అప్పుడు కూడా, చెప్పుకోవడానికి సిగ్గుపడను, ఆస్పత్రికి ఏ బ్యాగు తీసుకెళ్ళాలా అని ఒక క్షణం చూశాను. పెద్దది, కింద పెట్టినా మరక అంటనిది. గోధుమరంగు దాన్ని లాగి జిప్పు తీస్తే లోపల పాత పంచె ముక్కతో కట్టిన చిన్న మూట. ఒక ముడి, దాని మీద ఇంకో ముడి, అమ్మ నేర్పిన ముడి. మూటలోంచి బిళ్ళలు పొడైన బూడిద రాలింది. పక్క బ్యాగు తీశాను. అందులోనూ మూట. ఆ పక్కదాన్లోనూ. కంటికట్టుతో, తడుముకుంటూ, అక్క ఒక్కటి కూడా వదల్లేదు. వాటిమధ్యే మంచం వేసుకుని, నేనే తలుపు సందులు బిగించిన గదిలో పడుకుంది.

డాక్టరుకి ఫోన్ చేసి అరిచినట్టు చెప్పాను. దీనికి విరుగుడు లేదండీ, గుండె పడిపోకుండా చూస్తున్నాం, అది ముందునుంచీ చేస్తూనే ఉన్నాం అన్నాడు. పొద్దున్నే తెలిసుంటే అని అడిగాను. రండి, వచ్చి మాట్లాడండి అన్నాడు, అంతే.

నాకు ఇప్పటికీ అక్క మీద కోపమే. ఎవరు చేయమన్నారు? పోతే పోయేవి నా బ్యాగులు, కాల్చి బూడిద చేసినా నాకేమయ్యేది? ఆస్పత్రికి ఆటోలో వెళ్తున్నంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను. కడుపారా తిడదామనే వెళ్ళాను.

ఐసీయూ లోపలికి నన్నొక్కదాన్నే పంపించారు. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. గుండె చూపించే మెషీన్ మీద గీత ఒక పద్ధతిలో లేదు. బావగారు దారిలో ఉన్నారు, భీమడోలు దాటారు అని చెప్పాను. తల ఊపింది. చీర నలిగిందని కొంగు సర్దుకోబోయింది, చెయ్యి లేవలేదు. నేను సర్దాను. అక్క మాస్కు కొంచెం పక్కకి జరిపింది.

"బీరువా తీసి చూశావా?" అంది.

"చూశానక్కా."

"పురుగుందా?"

కట్టు లేని కన్ను మెరుస్తోంది. చిన్నప్పుడు అట్టబ్యాగు చేతికిచ్చి, నేనేమంటానా అని చూసిన చూపు అది. తిట్టడానికి వచ్చినదాన్ని, మంచం అంచున కూర్చున్నాను. డాక్టరు వెనకనుంచి నన్నే చూస్తున్నాడు.

"ఒక్కటి కూడా లేదక్కా. బ్యాగులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి" అన్నాను.

"నే చెప్పలా" అని మాస్కు తనే సరిగ్గా పెట్టుకుంది. బావగారు వచ్చేసరికి మెషీన్ తీసేసి, మొహం మీదికి దుప్పటి కప్పేశారు.