దిగాక చెప్పాల్సిన మాట

ఇది నిజంగా జరిగింది. జరగలేదు, ఊరికే కథ కట్టాను అంటే నాకే లాభం. మా చెల్లెలు కవిత ప్రయాణానికి అడ్డం తొలగిపోతుంది. అయినా అబద్ధమని చెప్పను. ఎవరడిగినా చెప్పను, అంతే.

కవితకు ఫిన్లాండ్‌లో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చింది. అంతకు ముందు ఏడాది నేను వెళ్ళి వచ్చిన ఊరే. నాన్న పోయాక మా ఇద్దరికీ పెద్ద దిక్కు కోయంబత్తూరు మామ. ఆయన సంతకం పెట్టాలి. అక్కడ నాకు జరిగింది నేనెప్పుడో నోరు జారి చెబితే, అది ఆయన చెవిన పడింది. "ఆ ఊరికి చిన్నదాన్ని పంపేదే లేదు" అని భీష్మించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. సగం విని తీర్పు చెప్పేస్తారా? అందుకే కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో వాళ్ళ మేడమీద అందరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మీకూ అదే చెప్తున్నాను.

ముందు మా అవ్వ సంగతి. మామ కన్నతల్లి. కోయంబత్తూరుకు దక్షిణాన ఉన్న కంబంలో మా ద్రాక్షతోటలో కోతకు వచ్చే ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. పొద్దుగూకాక ట్రాక్టర్ కదిలేముందు పందిళ్ళ వైపు తిరిగి గట్టిగా పిలుస్తుంది. "ఇంకెవరన్నా ఉండారా? రాండి, పోదాం!" ఎప్పుడో ఒకామె పందిరి కింద నిద్రపోతే మరిచిపోయి వచ్చేశారట. అప్పటినుంచి ఈ అలవాటు. ఊళ్ళో దిగాక చెప్పే మాట ఇంకొకటి ఉంది. అది తరువాత.

ఫిన్లాండ్‌లో నా పని గ్రీన్‌హౌస్‌లో మొక్కల కొలతలు తీయడం. చివర్లో దీపాలు ఆర్పి తాళం వేసేది నేనే. చలికాలం అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. నాలుగింటికి మనకు అర్ధరాత్రి ఎలాగో అలా ఉంటుంది. మొదటి రోజు తాళం వేస్తుంటే నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది... "ఇంకెవరన్నా ఉండారా? రాండి, పోదాం!" నాకే నవ్వొచ్చింది. రోజంతా ఇంగ్లీషుతో కుస్తీ పట్టాక మా ఇంటి మాట వినబడితే ఎంత హాయో! ఇక రోజూ పిలిచాను. రెండు నెలలు.

ఆ రోజు... మంచు కురవడం అప్పుడే ఆగింది. బస్‌స్టాపుకు నడుస్తున్నాను. బూట్ల కింద కర్... కర్... ఆగాను. ఇంకొక్కసారి వినబడింది... కర్.

చెట్టు మీంచి మంచు రాలిందనుకున్నాను. అనుకోక చస్తానా! బస్సు గంటకొకటి.

ఎక్కి టికెట్ యంత్రానికి కార్డు తాకించాను. టింగ్ మంది. డ్రైవర్ వెంటనే తలుపు మూయలేదు. నా భుజం మీదుగా బయటికి చూస్తూ కాసేపు ఆగి, అప్పుడు మూశాడు. రోజూ అంతే చేసేవాడు. ముసలాయన, నెమ్మది మనిషి అనుకునేదాన్ని.

బస్సులో నేనొక్కదాన్నే. కిటికీ పక్కన కూర్చున్నాను. లోపలి వేడికి బూట్ల మంచు కరిగి కాళ్ళ కింద నీళ్ళు చేరాయి. అక్కడ అందరికీ అంతే. ఫోన్ జారింది. తీసుకుందామని వంగాను...

పక్క సీటు కింద కూడా నీళ్ళు. రెండు చిన్న మడుగులు. పక్కపక్కన... ఎవరో కాళ్ళు పెట్టుకున్నంత ఎడంలో. వాటిలో మంచు ముక్కలు ఇంకా పూర్తిగా కరగలేదు.

తల పైకెత్తలేదు. కిటికీ వైపు తిరిగితే అద్దంలో ఆ సీటు కనబడుతుందని అటూ తిరగలేదు. నా స్టాపు వచ్చింది. బయటికి రావాలంటే ఆ సీటు ముందు నుంచే రావాలి. "కొంచెం జరగండి" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

రెండు నెలల్లో ఒక్క మాట ఆడని డ్రైవర్ అప్పుడు అడిగాడు, ఇంగ్లీషులో.

"ఆమె ఇవాళ దిగదా?"

వెనక్కి చూశాను... ఖాళీ. ఆయనా అద్దంలో చూశాడు. ముఖం మారిపోయింది. తలుపు తెరిచాడు.

దిగి నడిచాను. వెనక... కర్. కర్.

గదిలోకి వచ్చి గడియ పెట్టి అవ్వకు ఫోన్ చేశాను. అంతా విన్నది. కంగారు పడలేదు.

"దిగినంక చెప్పితివా?"

"ఏమి చెప్పేది అవ్వా?"

"ఏమే, ట్రాక్టర్ దిగినంక నేను చెప్తానే, అది! చెప్పితివా లేదా?"

చెప్పలేదు. రెండు నెలలూ పిలవడమే.

"పావం... పిలిచి తీసుకవచ్చి నడివీధిలో నిలబెట్టినావు గదే. సీక్రం పో, ఇప్పుడే. దిగిన చోటనే చెప్పాల."

ఇంతవరకు చెప్పేసరికి మేడమీద మామ నన్ను ఆపాడు. "చూసితివా! ఆ పొద్దే విమానం ఎక్కి వచ్చేసేది గదా?"

"ఎందుకు రావాల మామా? చదువు నాది. పిలిచిందీ నేనే" అన్నాను.

ఆ రోజు ఫోన్ పెట్టేసి మళ్ళీ కోటు వేసుకున్నాను. భయం లేదంటే అబద్ధం. కానీ కోపం అంతకన్నా ఎక్కువ. ఏమిటిది, ఇంత దూరం వచ్చి దుప్పటి ముసుగేసుకుని కూర్చోవడానికా? స్టాపు దగ్గర ఒక్కటే దీపం. దాని కింద నిలబడి అవ్వలాగే అరిచాను.

"అంతా దిగినారా? ఎవరింటికి వాళ్ళు పోండి!"

చప్పుడు లేదు... నా ఊపిరి తప్ప. చాలాసేపు. అప్పుడు... కర్... కర్... నా నుంచి దూరంగా. దీపం వెలుగు దాటి... ఆగింది. దారి తెలియనివాళ్ళు ఆగినట్టు ఆగింది. నాకు ఏడుపొచ్చింది.

"పోండి... పరవాలేదు, పోండి" అన్నాను.

కర్... కర్... అంతే.

అడుగుజాడలు చూడలేదా అంటారు. ఆ దారిలో వందల జాడలు, ఏది ఎవరిదని చూడను? ఆ నీళ్ళు ముందు దిగినవాళ్ళవేమో. మరి మంచు ముక్కలు కరగలేదేం? డ్రైవర్ పొరబడ్డాడేమో. ఆయన మళ్ళీ ఆ బస్సులో కనబడలేదు. నేను మాత్రం ఇంకో మూడు నెలలు అదే బస్సు ఎక్కాను. రోజూ పిలిచాను. రోజూ దిగాక రెండో మాటా చెప్పాను. అది ఎవరో, ఇల్లు చేరిందో లేదో నాకు తెలియదు.

నేను చెప్పడం అయ్యాక ఒక్కొక్కరే మేడ మెట్లు దిగడం మొదలుపెట్టాం. వెనకాల మామ. ఆ ట్రాక్టర్ మీద పెరిగినవాడే కదా, దీపం ఆర్పుతూ ఖాళీ మేడ వైపు తిరిగి అలవాటుగా అనేశాడు.

"ఇంకెవరన్నా ఉండారా? రాండి, పోదాం!"

అని, నాలుక కరుచుకున్నాడు. అందరం బిగుసుకుపోయాం.

అందరికన్నా ముందు కిందికి దిగిన కవిత పైకి తిరిగి గట్టిగా చెప్పింది. "అంతా దిగినారా? ఎవరింటికి వాళ్ళు పోండి!" దాని గొంతు వణకలేదు.

మెట్ల మధ్యలో ఉన్న మామ, ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడకు ఒత్తుకుని నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే "దిగినంక చెప్పేది దీనికి తెలుసు గదా" అంటూ కవిత కాగితాల మీద సంతకం పెట్టాడు.