భూషణం ఫోనులో మూడో నెల

కొంటాలో మిరప తోటల్లో కూలికి పోయే పోలమ్మకు, పొద్దున్నే ముత్యాలమ్మకు దణ్ణం పెట్టుకుని మొగుడి ఫోనులో భజన వినడం అలవాటు. వారం నుంచీ భజనకు ముందు ప్రకటనలో కడుపుతో ఉన్న ఒక పిల్ల నవ్వుతూ వస్తోంది. ‘మూడో నెలా? బిడ్డకు బలం కావాలి’ అని డబ్బా చూపిస్తోంది. మర్నాడు వాంతులకు మాత్రలు, ఆ మర్నాడు పొట్టకు రాసుకునే నూనె.

పోలమ్మకు ఆపరేషనై ఆరేళ్లు. మరి ఈ మూడో నెల ఎవరికి?

“ఏమయ్యా, ఎవతిది ఈ కడుపు?”

భూషణం గతుక్కుమన్నాడు. “నాకేం తెలుసే” అంటూ కండువా దులుపుకుని తోటకు పోయాడు. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి.

బోరింగు దగ్గర పోలమ్మ ఆగలేకపోయింది. “మా ఆయన రెండో కాపురం పెట్టిండే! మూడో నెలంట, ఫోనే చెప్తున్నది!”

“ఆ మొఖానికి నువ్వు దొరికిందే ఎక్కువ!” అంది రామక్క. అందరూ నవ్వారు, పక్కింటి కోసి తప్ప. ఆ పిల్ల సగం నిండిన బిందెతోనే వెళ్లిపోయింది.

పోలమ్మ గుండెలో నిప్పు పడింది. వారంగా కోసి బిందె భూషణమే మోసిపెడుతున్నాడు. పన్నెండేళ్ల కాపురంలో తన బిందె ఒక్కనాడు ముట్టాడా?

వెంటపడి గుమ్మంలో పట్టుకుంది. “నువ్వేనా?”

కోసి కళ్లు నిండాయి. “అక్కా, నా మొగుడు హుంగా కూలికి భద్రాచలం పోయిండు గదా. భూషణమన్నే నన్ను మందులోళ్ల క్యాంపుకు తోల్కపోయిండు. నాకు ఫోను లేదంటే తన నెంబరు రాయించిండు. రెండు కడుపులు పోయినయి. ఇది నిలిచేదాక మా అత్తకు గూడ చెప్పొద్దని అన్నతోని ఒట్టేయించుకున్న. క్యాంపుల డాక్టరమ్మకే చెప్పిన. ఫోనుకు ఎవరు చెప్పిన్రక్కా?”

రాసుకున్నవాళ్లు ఆ వివరాలు ఎవరికి అమ్ముకున్నారో పోలమ్మకేం తెలుసు? తను మాత్రం ఊరంతా చాటబోయింది.

బోరింగు దగ్గరికి తిరిగొచ్చింది.

“ఏందే, సవతి దొరికిందా?” అంది రామక్క.

“సవతీ లేదు, పాడూ లేదు. మద్దేడ్‌ల ఉండే మా ఆడబిడ్డకు మూడో నెల. దవాఖానల వాళ్లన్న నెంబరు రాయించిందంట. నేనే కుళ్లుబోతుదాన్ని, ఊరికే మొత్తుకున్న.”

వాళ్లు పడీపడీ నవ్వుతుంటే తలవంచుకుని నిలబడింది.

సాయంత్రం భూషణానికి అన్నం పెడుతూ, “కోసి చెప్పిందిలే. మంచి పనే చేసినవ్” అంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. “ఆడోళ్ల సంగతి నాకంటే ముందు నీకు చెప్పుడేంది? నాకు చెప్తే డప్పు కొడ్తనా?”

పొద్దున బోరింగు దగ్గర కొట్టిన డప్పు గుర్తొచ్చి పోలమ్మ సిగ్గుపడి, ఇంకో గరిటె పప్పు వడ్డించింది.